కుళాయి కట్టని పాపం

భూగోళం ఎందుకు వేడెక్కుతోందో మొత్తానికి తేలిపోయింది. బందరులో ఒకావిడ పళ్లు తోముకుంటూ కుళాయి కట్టడం మరిచిపోయిందట! ఏటా జూన్ 5న పర్యావరణ దినోత్సవం ఉపన్యాసాలు వింటే ఎవరికైనా ఇదే అర్థమవుతుంది. కుళాయి కట్టండి, లైటు ఆర్పండి, గుడ్డసంచి పట్టుకెళ్లండి, తడీ పొడీ వేరు చేయండి. పుడమి భారమంతా ఇల్లాలి కొంగుకు ముడేసి, వక్తగారు ఏసీ కారెక్కి వెళ్లిపోతారు. ఆయన వచ్చేదాకా ఆ కారు ఇంజను ఆగిందే లేదు.

ముందు కుళాయి సంగతే చూద్దాం. బందరులో నేల తవ్వితే ఉప్పునీళ్లు. తాగడానికి తరకటూరు చెరువులో నిలవ చేసిన నీళ్లే గతి. అవైనా రోజంతా రావు. వచ్చిన ఆ కాసేపట్లో బిందెలూ డ్రమ్ములూ అయ్యాక చెంబులు కూడా నింపి పెట్టుకునే మనిషికి నీటి పొదుపు నేర్పాలంటే గుండె ధైర్యం కావాలి. బందరు కాలువేమో విజయవాడ నడిబొడ్డు నుంచి, ఆ ఊరి మురుగునూ చెత్తనూ పలకరించుకుంటూ కిందికి వస్తుంది. పైనున్న ఊరు కాలువలో పారబోస్తుంది, శివారు ఊరు కాచి వడపోసుకుంటుంది. ‘నీరు అమూల్యం’ అన్న రాత మాత్రం శివారు గోడల మీదే కనిపిస్తుంది.

ఇక తడి చెత్త, పొడి చెత్త. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు రెండు మాటలు చెప్పాయి. ఇంట్లో చెత్తను తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీయాలి. విడదీసిన దాన్ని స్థానిక సంస్థ విడిగానే తీసుకెళ్లాలి. ఇందులో మొదటి మాట ఊరంతా టముకు వేశారు, రెండోది ఫైల్లో నిద్రపోయింది. 2021 అక్టోబరు 2న క్లాప్ అనే పథకం పెట్టి పట్టణాల్లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు పంచారు. వాటి వెనకే చెత్తపన్ను వచ్చింది. కొన్ని డబ్బాల్లోకి బియ్యం చేరాయి, కొన్నింట్లో కరివేపాకు మొక్క మొలిచింది. దానికి జనాన్ని తిట్టినవాళ్లున్నారు. నేను తిట్టను. పొద్దున్నే ట్రాక్టరు వచ్చినప్పుడు వీధిలో నిలబడి చూసినవాళ్లెవరూ తిట్టరు.

ఆ బందరావిడ ఆకుపచ్చ డబ్బాలో వంకాయ తొడిమలు, అరటి తొక్కలు, టీ పిప్పి. నీలం డబ్బాలో పాలపాకెట్లు. ఉత్తి పాలపాకెట్లు కావు, కడిగి, తీగ మీద క్లిప్పు పెట్టి ఆరబెట్టిన పాలపాకెట్లు! ట్రాక్టరు మీది కుర్రాడు రెండు డబ్బాలూ రెండు చేతులా అందుకుని, ఒకేసారి ఒకే తొట్టిలో బోర్లించేస్తాడు. పాకెట్ల మీద టీ పిప్పి, దాని మీద పక్కింటి వాళ్ల చేపపొలుసు. కుర్రాడిని అనడానికేం లేదు, బండికి ఉన్నది ఒకే తొట్టి. అలా కలిపి గుట్ట పోసిన తడిచెత్త గాలి ఆడక కుళ్లి మీథేన్ వదులుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువును తలదన్నేది. అంటే వేరు చేసిన పుణ్యం ఆవిడది, కలిపిన పాపం ఎవరిదీ కాదు.

సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబరు 2న, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మన బందరుకే వచ్చి చెత్తపన్ను రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. గత ప్రభుత్వం 85 లక్షల టన్నుల చెత్త వదిలేసి పోయిందని, ఏడాదిలో దాన్ని తీసేయాలని కూడా అన్నారు. పథకం పెట్టిందీ గాంధీ జయంతి నాడే, పన్ను తీసిందీ గాంధీ జయంతి నాడే. అన్ని లక్షల టన్నుల్లో పాలపాకెట్లు ఆరబెట్టిన ఆవిడ వాటా ఎంతో ఏ కాటా తేల్చాలి?

నిషేధాల ముచ్చట ఇంకా రంజుగా ఉంటుంది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రా, చెంచా, చెవిలో తిప్పుకునే పుల్ల దేశమంతా నిషిద్ధం. చిప్స్ పాకెట్టు, నీళ్ల సీసా ఆ జాబితాలో లేవు. చేతిసంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదన్నారు. కోనేరు సెంటర్లో మూర లెక్కన పూలమ్మే ఆమె మైక్రాన్లు దేనితో కొలవాలో మాత్రం చెప్పలేదు. ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని అదే ఏడాది ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. నవంబరు 1 అన్న గడువు జనవరి 26కు జరిగింది. ఇప్పుడు గుడివాడలో ఏ నాయకుడి పుట్టినరోజునాడో ఓసారి తిరిగి రండి, నిషేధం ఎంత నిలువెత్తున, ఎంత నవ్వుమొహంతో నిలబడి ఉందో కనిపిస్తుంది.

నెపం ఇంటి మీదికి నెట్టే ఈ విద్య మనవాళ్లు కనిపెట్టింది కాదు. మీ కార్బన్ ఫుట్‌ప్రింట్ ఎంతో మీరే లెక్క చూసుకోండి అని 2004లో జనానికి లెక్కల పలక ఇచ్చింది బ్రిటిష్ పెట్రోలియం. చమురు తోడి అమ్మే కంపెనీ! తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ నువ్వులన్నీ తిన్నవాడే పిడికెళ్లు పంచుతున్నాడు.

నిజంగా ఏదీ పారేయని ఇల్లు చూడాలంటే నాగాయలంక, కోడూరు వైపు గేదె ఉన్న ఇంటికి వెళ్లండి. బియ్యం కడుగు, గంజి, కూరల తొక్కలు కుడితి తొట్టిలోకి. పేడ దిబ్బకి, దిబ్బ ఎరువు పొలానికి. చిరిగిన చీర బొంతకి, బొంత పాతబడితే మసిగుడ్డకి. (గేదె కూడా మీథేన్ వదులుతుందని పండితులెవరో లేవకముందే నేనే ఒప్పేసుకుంటున్నాను.) ఆ ఇల్లాలు ఇదంతా చేసేది భూగోళం మీద ప్రేమతో కాదు, పారేసుకుంటే గడవదు కనక. ఆ ఇంటికి మూడు డబ్బాలిస్తే మూడూ ఖాళీగానే ఉంటాయి. సర్వేకి వచ్చినవాళ్లు ‘సహకరించని కుటుంబం’ అని రాసుకుపోతారు. 1977 నవంబరు 19 ఉప్పెన ఊడ్చుకుపోయింది ఇలాంటి ఇళ్లనే. సముద్రం పెరిగితే ముందు తడిసేదీ ఆ గడపే. మడ అడవి కొట్టి రొయ్యల చెరువులు తవ్వించింది మాత్రం ఆవిడ కాదు.

అక్కడంతా స్వర్గమేమీ లేదు. పెరటి మూల షాంపూ పాకెట్లు, బిస్కెట్ల రేపర్లు కాలుస్తున్నారు, కంపు వీధి చివరిదాకా వస్తుంది. వాటిని గేదె తినదు, దిబ్బ అరిగించుకోదు. తయారుచేసి అమ్మినవాడే వాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చూడాలని 2016 ప్లాస్టిక్ నిబంధనల్లోనే ఉంది. సరుకు నాగాయలంక చివరి కిల్లీకొట్టు దాకా తెచ్చే దారి కంపెనీకి బాగా తెలుసు. తిరుగుదారే తెలియనట్టుంది.

ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర ప్రతిజ్ఞకు పిలుస్తున్నారు. వెళ్లండి, తప్పులేదు. కుళాయి కూడా కట్టండి. చెయ్యి చాచే ముందు మాత్రం ప్రతిజ్ఞ చదివించే ఆయన్ని రెండు ముక్కలు అడగండి: మా ట్రాక్టరుకు రెండో తొట్టి ఎప్పుడొస్తుంది, మా రేపర్లు పట్టుకెళ్లే కంపెనీ మనిషి ఏ వారం వస్తాడు? జవాబు చెప్పేదాకా ఆయనకు టీ పోయకండి. పోసినా గాజుగ్లాసులోనే పోయండి.