మూడు నిమిషాల భోజనం: టీకా తాత్పర్య సహితం

మూలం:

పెట్టె విప్పి పైని గట్టి పొరను జీల్చి
మూడు నిమిషములకు మోగు గంట
అంచు కాగు నడుమ మంచుగడ్డగ నుండు
కలిపి మరల పెట్టి కాచి తినుము

అవతారిక: ఈ ఆటవెలది ఏ తాళపత్రంలోనూ లేదు. డాలస్ నుంచి హైటెక్ సిటీ దాకా ఆఫీసు పాంట్రీలో ప్లాస్టిక్ తట్ట పట్టుకుని మైక్రోవేవ్ ముందు వరసలో నిలబడేవాళ్ళు దీన్ని రోజూ వచనంలో చదువుతూనే ఉన్నారు, అట్టపెట్టె వెనుక చీమ తలకాయంత అక్షరాల్లో. ఛందస్సు ఒక్కటే కొత్త. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ కలం పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అంత మాట ఇవ్వలేడు. మూలం నాలుగు పాదాలే గానీ, పెట్టెలో సరుకు చాలా ఉంది.

ప్రతిపదార్థం: పెట్టె = గడ్డకట్టిన అన్నమూ కూరా గల అట్టపెట్టెను (పైన బొమ్మలో కొత్తిమీర ఉండును, లోపల ఉండదు); విప్పి = గోటితో ఒకసారి, పళ్ళతో ఒకసారి ప్రయత్నించి; పైని గట్టి పొరను = తట్ట అంచులకు అతికించిన పలుచని ప్లాస్టిక్‌ను; చీల్చి = ఒక మూల మాత్రమే కోసి; మూడు నిమిషములకు = యంత్రం మంచిదైతే మూడింటికి, లేకుంటే ఐదింటికి; మోగు గంట = వెనకాల నిలబడినవారికి వినిపించు శుభవార్త; తినుము = కీబోర్డు పక్కన పెట్టుకుని, కెమెరా ఆపి, మీటింగు వింటూ భుజింపుము.

అన్వయం కొంచెం కష్టం. పద్యంలో కర్త లేడు. ఉద్యోగి అని ఊహించుకోవాలి. మైక్రోవేవ్ అనే మాటా లేదు, అదీ అధ్యాహారమే. ‘చీల్చి’ అన్నచోట మాత్రం కవి మాటను ఉన్నదున్నట్టు పాటించాలి. అసలు కోయకపోతే ఆవిరి పోయే దారి లేక పొర ఉబ్బి పేలుతుంది. మొత్తం పీకేస్తే అన్నం ఎండి బిరుసెక్కుతుంది.

ఇక ‘పెట్టె’ పుట్టుక. క్లారెన్స్ బర్డ్స్ ఐ అనే అమెరికన్ 1912 తరువాత కొన్నేళ్ళు లాబ్రడార్ మంచుసీమలో గడిపాడు. అక్కడి ఇనుయిట్ జాలరులు నీళ్ళలోంచి తీసిన చేప ఆ చలిగాలికి చూస్తుండగానే బిగుసుకుపోయేది. చాలాకాలం తరువాత కరిగించి వండినా తాజాగానే ఉండేది. మెల్లగా గడ్డకడితే కణాల్లో నీరు పెద్ద స్ఫటికాలై గోడలను చీలుస్తుంది, కరిగాక కూర నీళ్ళోడుతుంది. చటుక్కున గడ్డకడితే స్ఫటికాలు సన్నగా ఉండి కణం నిలుస్తుంది. ఆ కిటుకును యంత్రంలోకి ఎక్కించి తయారుచేసిన సరుకు 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లోకి వచ్చింది.

పూర్తి భోజనం పెట్టెలోకి చేరడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. స్వాన్సన్ కంపెనీ అల్యూమినియం తట్టకు గదులు చేసి టర్కీ మాంసం, బఠానీలు, చిలగడదుంప సర్ది 98 సెంట్లకు అమ్మింది. 1954లో కోటి పెట్టెలు అమ్ముడయ్యాయని చెబుతారు. ఆ ఆలోచన ఎవరిదన్న పేచీ మన ప్రబంధాల కర్తృత్వ వివాదాలకు ఏమీ తీసిపోదు. అయితే ఆ పెట్టె భోజనం ఓవెన్‌లో అరగంటకు దగ్గరగా వేగాలి. టీవీ ముందు రాత్రి భోజనంగా పనికొచ్చింది గానీ ఆఫీసు మెట్లెక్కలేదు.

మెట్లెక్కించింది ‘మూడు నిమిషములు’. రేథియాన్ కంపెనీలో రాడార్ గొట్టాల దగ్గర పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ జేబులోని మిఠాయి కరిగిపోయిందని, దాంతో 1945లో మైక్రోవేవ్ ఆలోచన మొలిచిందని కథ. 1947లో వచ్చిన మొదటి యంత్రం మనిషెత్తు, 300 కిలోల పైమాట. వంటగట్టు మీద పట్టే అమానా యంత్రం 495 డాలర్లకు 1967లో వచ్చింది. తట్ట మాత్రం చాలాకాలం లోహపుదే. స్వాన్సన్ ప్లాస్టిక్‌కు మారింది 1986లో.

‘అంచు కాగు నడుమ మంచుగడ్డగ నుండు’: పద్యానికి ప్రాణం ఈ మూడో పాదమే. తొలిముద్దకు నోరు కాలినవాడు, మలిముద్దకు పళ్ళు జివ్వుమన్నవాడు దీన్ని అతిశయోక్తి అనడు, స్వభావోక్తి అంటాడు. కారణం నీటిలో ఉంది. మైక్రోవేవ్ తరంగాలు ద్రవంగా ఉన్న నీటిని బాగా కుదుపుతాయి, అందుకే అది వేడెక్కుతుంది. మంచులో అణువులు పట్టుబడి ఉంటాయి, తరంగాలను అంతగా పీల్చుకోవు. తట్ట అంచున కాస్త మంచు కరగగానే ఆ తడి మిగతా మంచు కంటే ఎక్కువ పీల్చుకుంటుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా పీల్చుకుంటుంది. ఉన్నవాడికే అప్పు దొరికినట్టు కాగినచోటే కాగుతుంది. నడిమి పన్నీరు ముక్క అలాగే రాయిలా కూర్చుంటుంది. అందుకే నాలుగో పాదం ‘కలిపి’ అంది. పెట్టె వెనుక ‘ఒక నిమిషం ఆగుము’ అని కూడా ఉంటుంది. అది మర్యాద కోసం వేసిన వాక్యం కాదు: అంచు వేడి నడిమికి పాకడానికి ఇచ్చే గడువు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం తిరిగి వేడిచేసిన తిండి మధ్యలో కూడా 74 డిగ్రీల సెల్సియస్ తాకాలి. ఇక పెట్టె మీది నిమిషాలు సాధారణంగా 1100 వాట్ల యంత్రానికి రాసినవి. పాంట్రీలో ఉన్నది 700 వాట్ల ముసలి పెట్టె అయితే పాఠాంతరం తప్పదు.

పూర్వపక్షం: ఇదంతా చద్ది కంటే హీనం, నిలవ ఉండడానికి ఏవో మందులు కలుపుతారు, అని పెద్దలు అంటారు కదా?

సమాధానం: సున్నా కింద 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవి పెరగలేదు. నిలవ ఉంచుతున్నది ముఖ్యంగా చలే. పెట్టె మీది దినుసుల జాబితా చదివితే ఏం కలిపారో ఎలాగూ తెలుస్తుంది. ఆ మాటకొస్తే అమెరికాలో కొడుకింటికో కూతురింటికో ఆరు నెలలకు వచ్చిన తల్లులు తిరుగు ప్రయాణానికి ముందు వారమంతా చేసే పనీ ఇదే: పప్పు, సాంబారు, కోడికూర వండి, డబ్బాల్లో సర్ది, మూతల మీద పేర్లు రాసి ఫ్రీజర్ నింపి వెళ్తారు. దాన్ని చద్ది అన్నవాళ్ళు లేరు. అన్నమైతే ఫ్రిజ్‌లో కంటే ఫ్రీజర్‌లోనే నయం. ఫ్రిజ్ చలికి అన్నంలోని పిండిపదార్థం తొందరగా గట్టిపడి మెతుకు బిరుసెక్కుతుంది, ఫ్రీజర్‌లో ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది. బంగాళాదుంప మాత్రం కరిగాక స్పాంజి అవుతుంది. తల్లులకు అది తెలుసు, అందుకే దుంపకూర డబ్బాలకెక్కదు.

అసలు ఆక్షేపణ చేయవలసింది ఉప్పు మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం లోపే ఉండమంటుంది, అంటే దాదాపు ఒక చెంచాడు ఉప్పు. ఒక్క పెట్టెలో 700, 800 మిల్లీగ్రాములు ఉండడం మామూలే. పైగా తిన్నవాడికి అది సగం కడుపే. 1985లో కోనాగ్రా కంపెనీ అధిపతి మైక్ హార్పర్‌కు గుండెపోటు వచ్చింది. ఆ తరువాతే ఆ కంపెనీ ఉప్పూ కొవ్వూ తగ్గించిన ‘హెల్తీ ఛాయిస్’ పెట్టెలు తెచ్చింది. సొంత గుండె చెప్పినంత సూటిగా ఏ సర్వేలూ చెప్పవు కాబోలు.

పాఠాంతరాలు: మన దేశంలో ‘పెట్టె’కు బదులు ‘సంచి’ అని చదువుకోవాలి. మన ఆఫీసుల్లో ఫ్రీజర్లు తక్కువ. గది వేడిలో నెలల తరబడి నిలిచే రిటార్ట్ సంచులు ఎక్కువ. వండిన పదార్థాన్ని రేకూ ప్లాస్టిక్కూ పొరలుగా ఉన్న సంచిలో మూసి, ఒత్తిడి మీద 121 డిగ్రీల దాకా వేడిచేస్తారు. గది వేడిలో పెరిగి చెడగొట్టే సూక్ష్మజీవి లోపల మిగలదు గనుక ఫ్రిజ్ అక్కర్లేదు. మైసూరులో 1961లో పెట్టిన రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం ఈ విద్య మీద పనిచేసింది. వేడినీళ్ళు పోసి మూతపెట్టే కప్పు ఉప్మా ఇంకో పాఠం. హైదరాబాద్‌లో మూడోది కూడా ఉంది, వ్యాఖ్యాతకు అదే సమ్మతం: ఇంట్లో కుక్కర్‌లో అన్నం, వీధి చివర కర్రీ పాయింట్‌లో కూర. మంచు లేదు, రేకు సంచీ లేదు. ఉప్పు ఎంత వేశారో మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

తాత్పర్యం: పెట్టెను తెరిచి, పొరను ఒక మూల కోసి, వేడిచేసి, కలిపి, మళ్ళీ వేడిచేసి తినవలెనని భావం. పొద్దున్నే లేచి క్యారియర్ కట్టే మనిషి లేని ఇంటికి, లేదా ఆ మనిషే ఉద్యోగానికి పోయే ఇంటికి, ఇది చెడ్డ ఏర్పాటేమీ కాదు. వారానికి రెండు మూడు పూటలకు పెట్టవచ్చు. కొనేముందు పెట్టె తిప్పి సోడియం అంకె చూడాలి. ‘హెల్తీ’ అనిపించుకోవాలంటే భోజనపు పెట్టెలో 600 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికాలో చాలాకాలం నియమం ఉండేది; ఆ గీతను మీరూ పాటించవచ్చు.

విశేషాంశం: ఈ పద్యంలో పెరుగన్నం ప్రస్తావన లేదు. కవి మరిచిపోలేదు. గడ్డకట్టించి కరిగిస్తే పెరుగు విరిగి, నీళ్ళు వేరు తరకలు వేరు అవుతుంది. కాబట్టి పెరుగు కప్పు విడిగా తెచ్చుకుని, పేరు రాసి, ఆఫీసు ఫ్రిజ్ కింది అరలో పెట్టుకోండి.