చేపల ఊళ్ళోకి పిల్లి

కొల్లేటి వైపు చెరువు కలిసొస్తే మొదట మేడ లేచేది, తర్వాత ఫార్చ్యూనర్ దిగేది. ఇప్పుడు మోజు పాత జాగ్వార్ ఎక్స్‌జే మీదకి మళ్ళింది. బానెట్ మీద దూకే పిల్లి ఉంటే ఆ దర్జాయే వేరట. కాదనం. కానీ స్వామీ, పిల్లిని చేపల చెరువు దగ్గరికి తోలుకెళ్తున్నారు!

దొరతనం కోసం మనం ఎగబడుతుంటే దొరలు ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. జాగ్వార్ 2008లోనే టాటాల ఇంటికొచ్చింది. బెంట్లీ, రోల్స్‌రాయిస్ జర్మన్ల పాలయ్యాయి.

అసలు ఇంగ్లీషు సెడాన్ మనకి కొత్తేమీ కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికలతో పుట్టిన అంబాసిడర్ 2014లో తయారీ ఆగేదాకా మన మధ్యే తిరిగింది. పెళ్ళివారిని పదిమందిని కుక్కినా కిక్కురుమనలేదు. చెడితే ఏలూరులో ఏ చెట్టు కింద మెకానిక్కయినా బాగుచేసేవాడు. దాన్ని తుక్కుకి తూచేసి, బల్బు పోతే లండన్‌కి ఫోన్ చేయాల్సిన బండి కొంటున్నాం.

నేలకి జానెడెత్తయినా లేని ఆ బండిని తోలేదెక్కడ? తాడేపల్లిగూడెంలో యుద్ధకాలంలో తెల్లవాళ్ళు వేసిన రన్‌వే ఒక్కటే దానికి తగిన రోడ్డు. చెరువుగట్టు మీద దిగబడితే మాత్రం మేత బస్తాల ట్రాక్టరే తాడుకట్టి లాగాలి. ఆ డ్రైవరు బాడుగ ముందే అడుగుతున్నాడు, అదీ జాగ్వార్ రేటు.