మిత్రప్రలోభన శాస్త్రం: ద్వీపాంతర ఖండం

ఈ శాస్త్రానికి అధిదేవత ఎవరన్నది ఇంకా తేలలేదు. శకుని అని ప్రాచీనుల మతం. మనిషిని ఆటకు కూర్చోబెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని వారి వాదన. దీన్ని మేము అంగీకరించం. శకునికి దొరికినవాడు ధర్మరాజు. జూదానికి పిలిస్తే కాదనకూడదని వ్రతం పట్టిన మనిషి. అలాంటివాణ్ణి దింపడం ఏపాటి విద్య? పైగా పాచికల్లో నేర్చుకునేదేముంది, దొర్లించడమే. అదే శకుని చేతికి సివిలైజేషన్ సిక్స్ ఇచ్చి, శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ కుటుంబం కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ‘ఇప్పుడు ఒప్పించు మామా’ అనాల్సింది. మహాభారతం సభాపర్వంతోనే ఆగిపోయేది. (పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం. అబర్డీన్ బజారులో అలవాటైన నోళ్లు ఇంకా పాత పేరే అంటాయి కాబట్టి శాస్త్రం కూడా అదే అంటుంది.)

ముందుగా విషయ నిర్ణయం. సిడ్ మియర్ అనే అమెరికా ఆయన 1991లో మొదలుపెట్టిన కంప్యూటర్ ఆటల వరసలో ఈ సివిలైజేషన్ సిక్స్ ఆరోది, 2016లో వచ్చింది. క్రీస్తుపూర్వం 4000లో మన చేతికి ఒక వలస గుంపునీ, ఒక యోధుణ్ణీ ఇస్తారు. వాళ్లతో ఊరు కట్టుకుని, పొలం దున్నుకుని, గుడి కట్టి, పొరుగు రాజు అలకలు తీర్చి, 2050 దాటకముందే ప్రపంచాన్ని ఏదో ఒక దారిలో గెలవాలి. మామూలు వేగంలో 500 టర్నులు. ‘ఊళ్లో ఇల్లు కట్టడానికే మా నాన్నకి ఇరవై ఏళ్లు పట్టింది, మళ్లీ ఇదొకటా’ అన్నది పూర్వపక్షం. బలమైన పూర్వపక్షమే.

ఇక అధికారి నిర్ణయం, అంటే ఈ ఆటకు అర్హుడెవడు అన్న మీమాంస. ఫోనులో లూడో తప్ప ఎరగనివాడు అనర్హుడని ఉత్తరాది ఆచార్యులు తోసిపుచ్చారు. అండమాన్‌వాసుల విషయంలో ఇది చెల్లదని మా సిద్ధాంతం. ఎందుకంటే ఆ దీవుల మీద ఈ ఆటను నిజం మనుషులతోనే ఆడారు, చాలా అధ్వానంగా ఆడారు. డేన్‌లు 1756లో నికోబార్‌లో పాగా వేశారు, జ్వరాలొచ్చి లేచిపోయారు, మళ్లీ వచ్చారు, మళ్లీ జ్వరాలు. మధ్యలో 1778లో ఆస్ట్రియావాళ్లు ‘ఖాళీయే కదా’ అని జెండా పాతారు, వాళ్లూ నిలవలేదు. చివరికి 1868లో డేన్‌లు హక్కుల్ని ఇంగ్లీషువాళ్లకు అమ్మేసి చేతులు దులుపుకున్నారు. ఇంగ్లీషువాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాతం దీవి దగ్గర చక్కటి రేవు చూసి మకాం పెట్టించాడు. మూడేళ్లకే, 1792లో, దాన్ని ఎత్తి ఉత్తర అండమాన్‌కు మార్చారు. అక్కడ రోగాలు పట్టి 1796లో మొత్తం మూటకట్టేశారు. 1858లో ఖైదీలతో తిరిగొచ్చినప్పుడు మళ్లీ చాతం మీదే దిగి, నీళ్లు చాలక పక్కనున్న రాస్ దీవికి మారారు. సేవ్ చేసుకోకుండా ఆడినవాడి చరిత్ర ఇలాగే ఉంటుంది. ఇన్ని రాజ్యాల తప్పుల మీద కాపురం చేస్తున్నవాడికి అర్హత లేదంటే ఎవడికుంది?

ఉపాయాల ప్రకరణం. కౌటిల్యుడి నాలుగు ఉపాయాలనూ పరీక్షించి చూస్తే ఒక్కటీ నిలవడం లేదు.

సామం అంటే ఇక్కడ వివరించి చెప్పడం. ఆచార్యుడు, అంటే మిత్రుణ్ణి ఆటలోకి లాగాలని చూసేవాడు, ‘చాలా సింపుల్‌రా’ అని మొదలుపెడతాడు. టీ చల్లారేసరికి కొండ పక్కన విద్యాలయం కడితే విజ్ఞానం ఎందుకు పెరుగుతుందో దగ్గర ఉంటాడు. రెండో టీ నాటికి పొరుగు ఊరి విధేయత తగ్గి ప్రజలు తిరగబడటం దాకా వస్తాడు. మిత్రుడు ‘బాగుందిరా’ అంటాడు. ఈ ‘బాగుందిరా’ని వ్యాఖ్యాతలు మూడు విధాలుగా విభజించారు గానీ మూడింటికీ అర్థం ఒకటే: నేను వెళ్లాలి. వివరణ సాగేకొద్దీ శ్రోతలో పెరిగేది ఆసక్తి కాదు, జాలి.

దానం మీద ఆశ పెట్టుకున్నవారికి 2020 మే నెల ఒక్కటి చాలు. ఎపిక్ గేమ్స్ స్టోర్ ఆ నెల 21 నుంచి 28 దాకా ఈ ఆటను అందరికీ ఉచితంగా ఇచ్చింది. లోకమంతా లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని దింపుకుంది. అండమాన్‌లో అప్పటికి ఇంటర్నెట్టు ఉపగ్రహం మీద ఆధారపడి నడిచేది. వాట్సాప్‌లో ఫొటో తెరుచుకోవడమే ఒక నోము. పది జీబీలు దాటే ఆట సంగతి చెప్పేదేముంది! చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి ప్రారంభించింది ఆ ఏడాది ఆగస్టు 10న. ఉచితం మేలో, తీగ ఆగస్టులో. దానానికి దేశకాలపాత్రలు కుదరాలని పెద్దలు ఊరికే అనలేదు.

భేదానికి వాడే అస్త్రం గాంధీ. ‘ఈ ఆటలో గాంధీ అణుబాంబు వేస్తాడు తెలుసా’ అంటే ఎవడైనా తల తిప్పి చూస్తాడు. మొదటి ఆటలో ఒక లోపం వల్ల అలా జరిగేదన్న కథ వట్టిదని సిడ్ మియరే 2020లో తన జ్ఞాపకాల పుస్తకంలో తేల్చేశాడు. అయినా కథ ఆగలేదు, తర్వాతి ఆటలవాళ్లే దాన్ని సరదాకి పెంచి పోషించారు. ప్రయోజనం మాత్రం స్వల్పం. మిత్రుడు నవ్వుతాడు, ఆ వీడియో పంపమంటాడు. ఆడడు. దండం ఈ శాస్త్రంలో ఆచార్యుడి మీద ఇంట్లోవాళ్లు ప్రయోగించేది కాబట్టి ఇక్కడ చర్చించం.

మిగిలింది మేము ప్రతిపాదించే అయిదో ఉపాయం: అపక్రీడ. మిత్రుణ్ణి పిలవకు. అతని కళ్లెదుట తప్పుగా ఆడు.

దీనికి మూలం మన రచ్చబండే. పులిజూదం ఇద్దరి ఆట, ఆడేది మాత్రం చుట్టూ నిలబడ్డ ఎనిమిది మంది. తెలుగువాడు ఆటను కాదనగలడు. ఉచిత సలహాను ఆపుకోలేడు. ప్రయోగశాలగా విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడ శ్రేష్ఠం. దారి సుమారు 1,200 కిలోమీటర్లు, రెండు రాత్రులు దాటే ప్రయాణం. తీరం కనుమరుగైన కాసేపటికే ఫోనులో సిగ్నల్ పోతుంది. రీల్స్ పోతాయి. లూడో స్నేహితులు పోతారు. బంకుల వరసలో మిగిలేది నిద్ర, చీట్లాట, పక్కవాడి ల్యాప్‌టాప్. ఆటకు నెట్టు అక్కర్లేదు.

ఆచార్యుడు తెర తెరుస్తాడు. ‘ఏటిరా ఇది, పటమా?’ అంటాడు మిత్రుడు పైబంకు మీంచి. ‘ఊఁ’ అనాలి, అంతే. ఇక్కడ ఒక్క మాట ఎక్కువైనా సామంలోకి జారిపోతాం. ఇప్పుడు వలస గుంపును నది పక్కనుంచి నడిపించుకుంటూ వెళ్లి, నీటిచుక్క లేని మైదానంలో ఊరు కట్టాలి. ఆటలో మంచినీళ్లున్న చోట ఊరికి నివాసబలం 5, ఉత్త సముద్రతీరమైతే 3, ఏ నీరూ లేకపోతే 2. ఈ అంకెలు మిత్రుడికి తెలియవు, తెలియనక్కర్లేదు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు కురిసే ఊళ్లో ఉంటూ, ఎండాకాలం ధనీఖారీ డ్యాం అడుగంటితే కుళాయి ఏ రోజు వస్తుందా అని డ్రమ్ములు వరసపెట్టుకున్న ఇంటి బిడ్డ అతను.

‘నీల్లు లేని కాడ ఊరెట్టీసినావేటిరా!’

శాస్త్రం ఫలించిన క్షణం ఇదే. కానీ తొందరపడకూడదు. తర్వాత తీరం పక్కన చేపలు గంతులేస్తున్న గడిని చూసీ చూడనట్టు వదిలెయ్యాలి. వేట మీద బతికిన ఇంటివాడు దాన్ని అస్సలు సహించడు. ‘సేప అగుపడతంటే పడవెయ్యవేటి?’ అంటాడు. అప్పుడు, అప్పుడు మాత్రమే, ‘వెయ్యనివ్వట్లేదు మావా, ముందు ఓడ విద్య నేర్చుకోవాలట’ అనాలి. అతను బంకు దిగుతాడు. ఏ విద్య, ఎక్కడుంది, ఎన్ని టర్నులు, దానికి బదులు నువ్వు నేర్చుకుంటున్న ఈ పనికిమాలినదేమిటి? సామంలో రెండు టీలు తాగినా ఎక్కని విద్యావృక్షం ఇప్పుడు అతని సొంత తగాదా అయింది. నియమాన్ని పాఠంగా చెబితే బరువు. అదే నియమం తన సలహాకు అడ్డొస్తే కోపం. కోపానికి గ్రహణశక్తి ఎక్కువ.

ఆపై ఒక్క కంప్యూటర్ మీదే వంతులవారీగా ఇద్దరూ ఆడుకునే ఏర్పాటు ఆటలో ఉందన్న రహస్యాన్ని మెల్లగా వదలాలి. మిత్రుణ్ణి మొదటిసారి గెలవనివ్వాలా అన్నదానిపై పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. గెలవనివ్వనక్కర్లేదు, వాడే గెలుస్తాడని మా అనుభవం. నీళ్లు చూసి ఊరు కట్టినవాడు ఎక్కడా చెడడు.

ఇక్కడితో ఆచార్యుడి అధికారం ముగుస్తుంది. మౌసు చేతిలో ఉండదు, కుర్చీ ఉండదు, వెనక నిలబడి ‘అక్కడ కాదురా’ అంటే ‘నువ్వాగు’ అన్న జవాబు వస్తుంది. మూడో రోజు హాడో జెట్టీకి ఓడ చేరినప్పుడు, అందరూ సామాన్లు నెత్తినెత్తుకుని దిగుతుంటే, ‘ఒక్క టర్ను’ అంటూ కదలని ఆ ఇద్దరినీ ఏం చెయ్యాలో శాస్త్రంలో లేదు. ఓడ సిబ్బందికి తెలుసు.