చామనఛాయ చప్పట్లు

తెల్లవారుజామున ఐదింటికి డాలస్ నుంచి ఫోన్. గుండె గుభేల్‌మంది. మా అన్నయ్య కూతురు.

"బాబాయ్, ముందు ఆ కోతిని తీసెయ్."

రాత్రి మా పిల్ల ఇన్‌స్టాగ్రామ్‌లో నల్లజాతి నర్తకి మిస్టీ కోప్‌లాండ్ బ్యాలే వీడియో పెట్టింది. కాలి వేళ్ళ కొసల మీద నిలబడి ఆవిడ గిర్రున తిరుగుతుంటే నాకు నోట మాట రాలేదు. మాట రానప్పుడే కదా ఎమోజీ. కళ్ళు మూసుకున్న కోతులు మూడు పెట్టాను. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ కోతికి "అబ్బ, నా దిష్టే తగిలేట్టుంది" అని అర్థం. పెళ్ళిరోజు ఫొటోల కింద మా పిన్నులంతా పెట్టేది అదే.

"అక్కడ దాని అర్థం వేరు బాబాయ్" అంది. 2021 జులైలో యూరో కప్ ఫుట్‌బాల్ ఫైనల్లో పెనాల్టీలు తప్పిన ఇంగ్లండ్ ఆటగాళ్ళు రాష్‌ఫర్డ్, సాంచో, సాకా ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్ళే. ఆ రాత్రి వాళ్ళ ఖాతాల్లో కుప్పలు పోసినవి కోతి బొమ్మలు. తీసేశాను. నా కోతి అమాయకురాలని ఎవరికి చెప్పుకోను?

"మరేం పెట్టనే?"

"చప్పట్లు."

చప్పట్ల మీద వేలు నొక్కిపట్టగానే పసుపు పక్కన ఐదు రంగులు లేచాయి, పెయింట్ల కొట్లో షేడు కార్డులాగా. వీటి పుట్టుక విచిత్రం. 1975లో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ చర్మవైద్యుడు, అతినీలలోహిత కిరణాల చికిత్సలో ఎవరికెంత మోతాదు ఇవ్వచ్చో తేల్చడానికి, ఎండకి ఎవరి ఒళ్ళు ఎంత కములుతుందో చూసి తరగతులు వేశాడు. నల్లటి ఒళ్ళు మొదట ఆ లెక్కలోనే లేదు, తర్వాత చేర్చారు. ఆ ఆరు తరగతుల్లో తెల్లవి రెంటినీ కలిపేసి, 2015లో ఎమోజీలు ఖాయం చేసే యూనికోడ్ వాళ్ళు మన వేళ్ళ కిందికి తెచ్చారు. అంటే మర్యాదని కూడా ఎండలో నిలబెట్టే కొలుస్తున్నాం.

ఉత్సాహం కొద్దీ అన్నిటికన్నా నల్లటిది నొక్కబోయాను.

"చేతులు నీవి బాబాయ్! ఆవిడ రంగు నువ్వెందుకు పూసుకోవడం?"

సబబే. అయితే నా రంగేది? మా వంశంలో అందరూ రెండో రంగే వాడతారు. పెళ్ళిచూపుల్లో ఎర్రగా బుర్రగా ఉండాలి కదా, ఫోన్‌లో తగ్గుతామా? చామనఛాయ అనేది మనం నలుపుకి పెట్టుకున్న ముద్దుపేరు. మా ఆవిడని అడిగితే స్టవ్ దగ్గర్నుంచి తల తిప్పకుండానే "నాలుగోది" అంది. ముప్పయ్యేళ్ళ కాపురంలో అంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు.

డాన్సర్ బొమ్మకైతే ఆవిడ రంగు పెట్టచ్చట, ఆడేది ఆవిడే కనక. కానీ ఆ బొమ్మ ఎర్రగౌను వేసుకుని ఫ్లమెంకో ఫోజులో ఉంటుంది. బ్యాలేకి అది పెట్టడం కూచిపూడికి చెక్కభజన బొమ్మ పెట్టినట్టు. పోనీ బ్యాలే బూట్ల బొమ్మ పెడదామంటే, అది గులాబీ రంగు. వేలు నొప్పెట్టేలా నొక్కినా వేరే రంగు లేవదు.

"నిజం బూట్లూ అంతే" అంది అది, గొంతు తగ్గించి. కాలూ బూటూ ఒకే గీతలా కనబడాలని బ్యాలేలో గులాబీ రంగు వాడతారు. ఎవరి కాలు? తెల్లవాళ్ళ కాలు. అందుకని నల్లజాతి నర్తకులు స్పాంజితో మొహానికేసే ఫౌండేషన్ అద్ది బూట్లని తమ రంగుకి తెచ్చుకునేవాళ్ళు. ఆ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు పాన్‌కేకింగ్. 1969లో ఆర్థర్ మిచెల్ పెట్టిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్‌లో నర్తకులు గులాబీని వదిలేసి ఒంటిరంగు మేజోళ్ళు, ఆ రంగే పూసిన బూట్లు వేసుకున్నారు. లండన్‌లో 1929 నుంచీ బూట్లు కుడుతున్న ఫ్రీడ్ కంపెనీ, బ్యాలే బ్లాక్ బృందంతో కలిసి గోధుమరంగు బూట్లు తెచ్చింది 2018లో. నా బొటనవేలి బొమ్మకి రంగు 2015లోనే వచ్చింది.

పాన్‌కేక్ అనగానే నాకు మా అన్నయ్య కూతురి రంగప్రవేశం గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల, విజయవాడ, గ్రీన్‌రూమ్. మేకప్ ఆయన అరగంటలో దాని మొహాన్ని గులాబీ చేసేశాడు. మెడ దగ్గర సున్నం గీత, కింద దాని అసలు రంగు చేతులు. "ఇప్పుడు లక్ష్మీకళ వచ్చింది" అన్నది నేనే. వాళ్ళు బూటుకి పూసుకున్నారు, మేం పిల్లకే పూశాం. 1955లో బ్యాలే రూస్ ద మాంటే కార్లోలో చేరిన నల్లజాతి నర్తకి రావెన్ విల్కిన్సన్‌కీ మొహానికి తెల్లది పూసుకోవాల్సి వచ్చింది. ఆవిడని బెదిరించడానికి కు క్లక్స్ క్లాన్ ఉంది. దీనికి బాబాయ్ చాలాడు.

"సరే, బొమ్మలయ్యాయి. ఆవిడ పేరు రాశావా?"

రాయలేదు. 2019లో జలాయా హార్మన్ అనే పద్నాలుగేళ్ళ పిల్ల కట్టిన రెనగేడ్ డాన్స్‌ని టిక్‌టాక్‌లో లోకమంతా ఆడింది. నిప్పు బొమ్మలు లక్షల్లో, ఆ పిల్ల పేరు మాత్రం 2020 దాకా ఎవరికీ పట్టలేదు.

నాలుగో రంగు చప్పట్లు, పక్కన తెలుగులో మిస్టీ కోప్‌లాండ్. పంపాను. 2015 జూన్ 30న అమెరికన్ బ్యాలే థియేటర్లో ప్రిన్సిపల్ డాన్సర్ అయిన తొలి నల్లజాతి మహిళ ఆవిడ. సంస్థకప్పటికి డెబ్బై అయిదేళ్ళు.

బ్యాలే నర్తకి ఎమోజీకి, రంగులన్నిటితో సహా, 2025 సెప్టెంబరులో ఆమోదం దొరికింది. అమెరికన్ బ్యాలే థియేటర్ తరఫున కోప్‌లాండ్ వీడ్కోలు నాట్యం అదే ఏడాది అక్టోబరు 22న.