ఆకురాయి పట్టిన చెయ్యి

తూటా చాంబర్‌లోకి పూర్తిగా వెళ్ళడం లేదని, నా త్రీ నాట్ త్రీ రైఫిల్ బోల్టు తలని ఆకురాయితో అరగదీశాను. తుపాకులు తెలిసినవాళ్ళ ముందు ఈ మాట అంటే వెంటనే ముఖాలు మారిపోతాయి. తెలియనివాళ్ళకి మాత్రం అది ఎంత తప్పో మొదటినుంచీ చెప్పాలి.

కెనడాలో స్థిరపడ్డాక, కోర్సు చదివి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని కొన్నది ఆ లీ ఎన్‌ఫీల్డ్. మన దేశంలో అది ప్రొహిబిటెడ్ బోర్. మామూలు పౌరుడికి దక్కేది కాదు. మా ఊళ్ళో ట్రెజరీ ముందు సెంట్రీ భుజాన దాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అమ్మకానికి వచ్చిన తుపాకీ మీద కిరీటం, దాని కింద బ్రిటిష్ రాజు గుర్తుగా జి.ఆర్.ఐ., ఆ కింద ఇషాపూర్ అని ఉండటం చూసి బేరం కూడా ఆడలేదు. కలకత్తా పక్కన తయారైన వస్తువు, మన సిపాయిలు మోసిన రకం, ఇంత దూరంలో నా చేతికి వచ్చిందని పొంగిపోయాను. దానికి నేను చేసిన అపచారం అందుకే ఇంకా మింగుడుపడటం లేదు.

మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. కంపెనీ తూటాలు హాయిగా లోపలికి వెళ్ళేవి, బోల్టు సాఫీగా మూసుకునేది. ఈ తుపాకీ బోల్టుని ముందుకి తోసేటప్పుడు చివర్లో కొంత బరువు తగులుతుంది. ఫైరింగ్ పిన్ స్ప్రింగు అప్పుడే బిగుస్తుంది కాబట్టి అది సహజం. పిడిని కిందికి తిప్పేటప్పుడు మాత్రం బరువు ఉండకూడదు. ఈ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను.

తర్వాత రీలోడింగ్, అంటే కాల్చిన తొడుగుల్ని మళ్ళీ నింపి వాడుకోవడం, మొదలుపెట్టాను. ఒక మిత్రుడు తన తుపాకీలో కాల్చిన ఇత్తడి తొడుగులు ఇచ్చాడు. తొడుగు మెడ వరకే డైలో సరిచేస్తే చాలు, ఇత్తడి ఎక్కువకాలం మన్నుతుందని ఎక్కడో విన్నాను. అలాగే చేసి, ప్రైమరు పెట్టి, మందు నింపి, గుండు బిగించాను. రేంజ్‌కి వెళ్ళి చూస్తే పిడి సగంలో ఆగిపోయింది. నెట్టాను. కదల్లేదు.

అసలు కారణం తెలియాలంటే ఈ చాంబర్ చరిత్ర కొంత తెలియాలి. 1915 ఏప్రిల్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర కెనడా సైనికులు తమ దేశపు రాస్ రైఫిల్‌తో యుద్ధానికి దిగారు. దాని చాంబర్ బిగుతుగా, కచ్చితమైన కొలతతో చేసింది. బ్రిటన్‌లో చేసిన తూటాలు అందులో ఇరుక్కుపోయాయి. బురద తోడైంది. బోల్టుల్ని బూటుకాళ్ళతో తన్ని తెరవాల్సి వచ్చింది. చాలామంది ఆ రైఫిల్ పారేసి, చనిపోయిన బ్రిటిష్ సైనికుల పక్కన పడి ఉన్న లీ ఎన్‌ఫీల్డ్‌లు అందుకున్నారు. కెనడా మంత్రి శామ్ హ్యూస్ మాత్రం రాస్‌నే వెనకేసుకొచ్చాడు. తూటాదా దోషం, తుపాకీదా అని పెద్దలు వాదించుకుంటుంటే కందకాల్లో కుర్రాళ్ళు చచ్చిపోయారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. లీ ఎన్‌ఫీల్డ్ చాంబర్‌ని మాత్రం యుద్ధపు బురదని దృష్టిలో పెట్టుకుని కొంచెం వదులుగానే చేశారు. పేలిన తూటా తొడుగు ఉబ్బి, ఆ వదులంతా నింపి, ఆ ఒక్క చాంబర్ ఆకారమే తెచ్చుకుంటుంది. ఒకరి కాలికి అలవాటుపడిన చెప్పు ఇంకొకరికి సరిపోదు కదా. మిత్రుడి చాంబర్‌లో ముందుకి జరిగిన తొడుగు భుజం, అంటే మెడ కింది వాలు, నా చాంబర్ గోడకి ఆనుకుని ఆగిపోతోంది. మెడ ఒక్కటే సరిచేసిన డై ఆ భుజం జోలికి పోలేదు. తొడుగు మొత్తాన్ని సరిచేసే ఫుల్ లెంగ్త్ డైలో ఒకసారి పెట్టి తీసుంటే సరిపోయేది.

నేనేం చేశాను? ముందు చాంబర్‌లో పాత గ్రీజు గడ్డకట్టిందనుకున్నాను. పాత మిలటరీ సరుకులో అది మామూలే కాబట్టి అనుమానం తప్పు కాదు. బ్యారెల్ బ్రష్ చాంబర్ గోడల్ని తాకదు. చాంబర్ అంతకంటే వెడల్పు. అందుకని లావు బ్రష్ తెచ్చి, సాల్వెంట్‌తో రుద్ది, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచాను. అప్పటికీ పిడి దిగలేదు. అక్కడ ఆగాల్సింది. మార్కర్ పెన్నుతో ఒక ఖాళీ తొడుగుకి నల్లరంగు పూసి లోపల పెట్టి తీసుంటే, రంగు ఎక్కడ చెరిగిందో కళ్ళకే కనిపించేది. బదులుగా బోల్టు పొడవెక్కువైందని తీర్మానించుకున్నాను. తుపాకీ పాతది, ఎవరెవరి చేతుల్లోనో తిరిగింది, లోపం దానిదే అయ్యుంటుందన్న నమ్మకం నా మనసులో ముందే ఉంది. నిన్న నా బల్ల మీద తయారైన తూటాలని అనుమానించాలని నాకు తట్టనే లేదు.

అరగదీశాక పిడి దిగింది. గెలిచానని నిజంగానే సంతోషపడ్డాను.

త్రీ నాట్ త్రీ తూటా అడుగున అంచు ఉంటుంది. బోల్టు తలకీ చాంబర్ వెనక ముఖానికీ మధ్య ఆ అంచు పట్టేంత జాగానే ఉండాలి. దాన్నే హెడ్ స్పేస్ అంటారు. సుమారు 1.63 మిల్లీమీటర్ల నుంచి 1.88 దాకా చెల్లుతుంది. నా ఆకురాయి ఆ హద్దు దాటించేసింది. తూటా పేలినప్పుడు తొడుగు ముందు భాగం చాంబర్ గోడల్ని పట్టుకుంటుంది, అడుగు భాగం వెనక్కి జరుగుతుంది, మధ్యలో ఇత్తడి సాగి పలచబడుతుంది. కొత్త కంపెనీ తూటాలు కాల్చాక వాటి అడుక్కి కొంచెం పైన మెరిసే గీత ఒకటి చుట్టూ కనిపించింది. చూశాను. అదేమిటో ఎవర్నీ అడగలేదు. ఆ తొడుగులనే మళ్ళీ నింపాను.

వాటిలో ఒకటి పేలినప్పుడు మొహం మీదికి వేడి పొగ తన్నింది. కళ్ళజోడు ఉంది కాబట్టి బతికిపోయాను. పక్కనున్నవాళ్ళకీ ఏమీ కాలేదు. బోల్టు లాగితే తొడుగు అడుగు ముక్క మాత్రమే బయటికి వచ్చి నేలమీద పడింది. నేను దాన్ని చూడకుండా ఇంకో తూటా ఎక్కించబోయాను. అది సగందాకా వెళ్ళి ఆగిపోయింది. చాంబర్‌లో పాత తొడుగు ముందు సగం అలాగే ఉంది మరి. నేను బోల్టుని గట్టిగా నెట్టబోతుంటే రేంజ్ ఆఫీసర్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ రోజు ఆయన ఆపకపోతే ఏం జరిగేదో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

ఆ తర్వాత తుపాకీ పట్టుకెళ్ళి చూపించిన పెద్దాయన, తెగిన తొడుగు తీసే పరికరంతో ఆ ముక్కని బయటికి లాగాడు. పూర్వం సైన్యంలో ఇచ్చిన రకమే అది. హెడ్ స్పేస్ కొలిచే గేజ్ పెట్టి చూశాడు. మూసుకోకూడని గేజ్ మీద నా బోల్టు మూసుకుంది. బోల్టు తల మీద ఆకురాయి గీతలు వేలితో తడిమి, ఒక్క మాటే అడిగాడు. కంపెనీ తూటాలు అంతకుముందు సరిగ్గా వెళ్ళేవా అని. వెళ్ళేవన్నాను. ఇంకేమీ అడగలేదు. జవాబు మొదటిరోజునుంచీ నా చేతిలోనే ఉంది. ఒక తూటా సరిపోయి ఇంకొకటి సరిపోకపోతే, తేడా తూటాల్లోనే ఉండాలి. చిన్నపిల్లాడికి తెలిసే లెక్క.

కొంచెం పొడవైన బోల్టు తల వెతికి, కొలిచి, ఆయనే బిగించాడు. ఇప్పుడు హెడ్ స్పేస్ హద్దులోనే ఉంది. మిత్రుడు ఇచ్చిన ఇత్తడీ, గీత పడిన తొడుగులూ అన్నీ తుక్కులో వేశాను. తుపాకీ అమ్మినాయన పాడైన సరుకు అంటగట్టాడని నలుగురి దగ్గర అన్నాను గనక, ఆ నలుగురికీ, ఆయనకీ ఫోన్ చేసి నిజం చెప్పాను. అరిగిన బోల్టు తలకి ఒక చీటీ కట్టి తుపాకీ పెట్టెలోనే ఉంచాను. ఎవరు అరగదీశారో, ఎందుకో, కొత్తది ఎప్పుడు బిగించారో అందులో రాసి ఉంది. నా తర్వాత అది ఎవరి చేతికి వెళ్ళినా, ఆ తప్పు ఇషాపూర్‌లో జరిగిందని అనుకోకూడదు.