టిన్ను బీరు పగటివేషం

అమెరికాలో ఫ్యాక్టరీకి తాళం వేసిన నాడు అటుకేసి చూసే నాథుడుండడు. పదేళ్లు పోయి, గోడలు పెచ్చులూడి, కిటికీల్లో పావురాలు కాపురం పెట్టాక మాత్రం కెమెరాలు భుజాన వేసుకుని భక్తులు కంచె దూకి మరీ వస్తారు. తుప్పు పట్టిన గొట్టానికో ఫోటో, విరిగిన కుర్చీకో ఫోటో. మనిషి జాడ లేకపోతేనే ఫోటోకి అందమట. మిల్వాకీ ఊరి నడిబొడ్డునున్న పాబ్‌స్ట్ బీరు కంపెనీకి ఈ యోగం సంపూర్ణంగా పట్టింది.

1844లో జేకబ్ బెస్ట్ అనే జర్మన్ వలసదారు పెట్టిన కంపెనీ అది. ఆ ఇంటి అల్లుడైన స్టీమరు కెప్టెన్ ఫ్రెడరిక్ పాబ్‌స్ట్ చేతిలో అమెరికాలోకెల్లా పెద్దదిగా ఎదిగింది. 1882 నుంచి సీసా మెడకు నీలం పట్టు రిబ్బను కట్టి అమ్మేవారు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో మొదటి బహుమతి మాదేనని ప్రకటించుకున్నారు. పోటీదారు బుష్‌గారు ఒప్పుకోలేదు, పెద్ద రచ్చే జరిగింది. అయినా అమెరికాలో శ్రేష్ఠమైన బీరుగా 1893లో ఎంపికయ్యామని టిన్ను మీద అచ్చువేసి అమ్ముతూనే వచ్చారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెత మన సొంతమని ఇన్నాళ్లూ గర్వపడ్డాం. దాన్ని డబ్బా మీద ముద్రించి డాలర్లు చేసుకోవచ్చని మాత్రం మనకు తట్టలేదు.

చేతులు మారి మారి, 1996లో మిల్వాకీ ఫ్యాక్టరీ మూతబడింది. అదే ఏడాది రిటైరైన కార్మికుల ఆరోగ్య బీమాకూ కంపెనీ మంగళం పాడింది. జీవితాంతం ఇస్తామని మేం ఒప్పందంలో రాయలేదు పొమ్మంది. 1998లో అప్పీలు కోర్టూ కంపెనీ మాటే నెగ్గించింది. తలుపులు ఊడిన బ్రూవరీ ఫోటోలు నాలుగు చూడండి. బీర్ల దేవుడిగా చెప్పుకునే గాంబ్రినస్ రాజు రంగుటద్దాల కిటికీలో కొలువుదీరి ఉంటాడు. రాగి కాగులు ఉంటాయి, వాటి మీద కిటికీ లోంచి పడే ఎండా ఉంటుంది. మందుల బిల్లు చేతబట్టుకున్న ముసలాయన ఏ ఫోటోలోనూ ఉండడు. రంగు వెలిసిన గోడకున్న కళ ఆయనకెక్కడిది?

ఇక సరుకు సంగతి. పాబ్‌స్ట్ బ్లూ రిబ్బన్ అంటే షిఫ్టు దిగిన కార్మికుడు జేబులో చిల్లర చూసుకుని కొనే బీరు. రుచి గురించి చెప్పాలంటే, చల్లగా ఉంటుంది. 1986లో డేవిడ్ లించ్ తీసిన ‘బ్లూ వెల్వెట్’లో డెనిస్ హాపర్ వేసిన దుర్మార్గుడు దిగుమతి బీరును బూతులు తిట్టి, పాబ్‌స్టే గొప్పని గొంతు చించుకుంటాడు. ఒక విలన్ వీరాభిమానాన్ని కూడా మెడలో పతకంలా వేసుకోగలగడం ఈ బ్రాండుకే చెల్లింది.

2000 దాటాక అసలు వేడుక మొదలైంది. పోర్ట్‌లాండ్ లాంటి ఊళ్లలో కుర్రకారు ఒక్కసారిగా ఈ టిన్ను పట్టారు. వాలకం చూడాల్సిందే. నెత్తిన లారీ డ్రైవరు టోపీ. ఒంటి మీద పెట్రోలు బంకు మెకానిక్కు పాత చొక్కా, జేబు మీద ఇంకెవడి పేరో కుట్టి ఉంటుంది. ఆ పేరు గలవాడి ఉద్యోగం ఏమైందో ఈ చొక్కా తొడిగినవాడికి తెలియదు, అక్కర్లేదు. చేతిలో చవక బీరు. మనవైపు పగటివేషగాళ్లు పొట్టకూటి కోసం రాజు వేషం కడతారు. వీళ్లు కడుపు నిండినవాళ్లు, కూలీ వేషం కట్టారు. వేషం విప్పాక పోవడానికి ఇల్లుంది, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది, నాన్న కట్టే బీమా ఉంది.

కంపెనీ మహా తెలివిగా నోరు మూసుకుంది. టీవీలో ప్రకటన ఇస్తే కుర్రాళ్లు జారుకుంటారు. అందుకని సైకిలు కొరియర్ల పోటీల్లాంటి చోట్ల చడీచప్పుడు లేకుండా డబ్బాలు సర్దింది. ప్రచారం లేని బీరన్నదే ప్రచారమైంది. ఇంతకంటే రసవత్తరమైన సంగతి ఒకటుంది. 2001 నాటికి పాబ్‌స్ట్‌కు సొంత బ్రూవరీ ఒక్కటీ మిగల్లేదు. బీరు కాచే పని పోటీదారు మిల్లర్‌కు కాంట్రాక్టిచ్చి చేతులు దులుపుకుంది. అంటే నిఖార్సైన కార్మికుల బీరు, కాకపోతే దాన్ని కాచే కార్మికుడు కంపెనీలో ఒక్కడూ లేడు. ఆ మిల్లర్‌వాళ్లు ఇకమీదట మావల్ల కాదంటే, మా బీరు మీరే కాయాలని కోర్టుకెక్కింది. 2018లో అదే మిల్వాకీలో విచారణ జరిగి, చివరికి రాజీ కుదిరింది. సొంత పొయ్యి ఆర్పేసి, పొరుగింటాయన వంట మానేశాడని దావా వేయడానికి ఎంత గుండె కావాలి!

చైనాలో మరో వేషం. 2010లో అక్కడ ఇదే పేరుతో ‘1844’ అని సీసా దించారు. విస్కీ పీపాల్లో ఊరబెట్టామన్నారు, ఫ్రెంచి వైన్ల సరసన కూర్చోబెట్టారు, ధర 44 డాలర్ల దాకా పెట్టారు. ఒక ఊళ్లో పేదవాడినంటే గిరాకీ, ఇంకో ఊళ్లో దొరనంటే గిరాకీ.

నాసి సరుకు సంగతి మన దగ్గరా చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. తెలిసిన బ్రాండ్లు కరువై, ‘బూమ్ బూమ్’ లాంటి పేర్లు అరల్లో వెలిశాయి. ధరేమీ తక్కువ కాదు. తాగినవాడు తిట్టుకున్నాడు, తాగనివాడు నవ్వుకున్నాడు. ఆ పేరున్న టీషర్టు తొడుక్కుని జూబ్లీహిల్స్ పబ్బులో ఫోటో దిగినవాడెవడూ నాకు తగల్లేదు. ఇంకోటి కొనగలిగినవాడి చేతిలో ఉంటేనే నాసి సరుకుకు నాగరికత. గతిలేక తాగేవాడి చేతిలో అది సరుకు కింద జమ, అంతే.

మళ్లీ మిల్వాకీకి వద్దాం. 2006లో జోసెఫ్ జిల్బర్ అనే స్థిరాస్తి వ్యాపారి ఆ పాడుబడ్డ భవనాలను కోటీ ముప్పై లక్షల డాలర్లకు కొన్నాడు. కూల్చకుండా బాగు చేయించాడు, ఆ మేరకు నమస్కారం. 2013లో, ఒకప్పుడు బీరు కాచిన బ్రూహౌస్ హోటల్‌గా మారింది. రాగి కాగులు అలాగే ఉంచారు. కార్మికులు చెమటోడ్చిన చోట ఇప్పుడు సూట్‌కేసులు దొర్లుతున్నాయి. 2017లో పాబ్‌స్ట్ కంపెనీయే సిగ్గుపడుతూ పాత ఆవరణకు తిరిగొచ్చి, ఒక పాత చర్చి భవనంలో చిన్న బ్రూవరీ తెరిచింది. ఊరు మురిసిపోయింది. 2020లో అదీ మూసేసింది.

కంపెనీని మాత్రం 2010లో ఒకరు దాదాపు పాతిక కోట్ల డాలర్లకు కొన్నారనీ, 2014లో డెబ్బై కోట్లకు పైగా అమ్మేశారనీ పత్రికలు రాశాయి. చవక బీరని చులకన చేయకూడదన్నమాట.

మిల్వాకీ వెళ్లే తెలుగువాళ్లకు ఒక్క మనవి. ఆ రాగి కాగుల పక్కన నిలబడి ఫోటో దిగండి, తప్పేమీ లేదు. గది అద్దె మాత్రం ముందే కనుక్కోండి. చవక బీరు కాచిన చోటు కదా అని లోపలికి దూరారో, బిల్లు చూశాక మీకూ ఆ టిన్ను బీరే గతి.