ఉప్పల్ దాటితే విదేశమే

హన్మకొండలో ఏ పెళ్లికి వెళ్లినా ఈ బావ తగులుతాడు. ప్లేట్లో బగారన్నం, మటన్ కూర పడ్డాయో లేదో, ముద్ద కలపకముందే మొదలుపెడతాడు: "ఇది కాదు తమ్మీ, బర్కస్‌ల మందీ తినాలె." పక్కన కూర్చున్న పాపానికి ఆ తమ్ముడు తలూపితే అయిపోయినట్టే. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చిన సంగతి, వాళ్ల వారసులు ఇప్పటికీ బర్కస్‌లో ఉంటున్న సంగతి, గుంతపొయ్యిలో అన్నం పైన మాంసం పెట్టి మూత బిగిస్తే కొవ్వు కరిగి బొట్టుబొట్టుగా మెతుకుల్లోకి దిగే సంగతి, అన్నీ వినాల్సిందే. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. చిక్కల్లా అదే. ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో నోరు మూయించి ఉండేవాళ్లు.

ఉద్యోగం డిగ్రీ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పడం. మనసంతా ప్రపంచ యాత్రల మీద. పాస్‌పోర్టు మాత్రం చేయించుకోలేదు, అవసరం పడలేదంటాడు. శనివారం పొద్దున్నే బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, మెట్రోలో రాయదుర్గం చేరితే ఆయనకు స్వీడన్ వచ్చేస్తుంది.

2018 ఆగస్టులో దేశంలోనే మొదటి ఐకియా హైటెక్ సిటీలో తెరిచినప్పుడు జనం మంచాలు, బీరువాలు చూడటానికి ఎగబడ్డారు. ఈయన వాటి మధ్య నుంచి దారి చేసుకుంటూ, వెయ్యి మంది కూర్చుని తినే రెస్టారెంటుకు తిన్నగా నడిచాడు. స్వీడన్ వాళ్లు మాంసం ఉండల్ని లింగన్‌బెరీ అనే ఎర్రటి పుల్లటి పండ్ల జామ్‌తో తింటారు. హైదరాబాద్‌లో ఆ ఉండల్ని కోడిమాంసంతో చేసి పెట్టారు. బావ వాటిని తీసుకున్నాడు, అక్క బిర్యానీ తీసుకుంది. "ఐకియాకొచ్చి బిర్యానీ తింటరా ఎవరన్న?" అని అందరికీ వినబడేలా అన్నాడు. చుట్టూ బల్లల మీద ఎక్కువగా ఉన్నవి బిర్యానీలే. జామ్ అద్దుకుని రెండు ఉండలు తిన్నాక, అక్క ప్లేటులోకి పాకిన చెయ్యి ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఈయనలో అసలు వింత వేరే ఉంది. అంతదూరం పోయి, లైన్లో నిలబడి, కొత్తది నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చివరికి ఇచ్చే తీర్పు ఒక్కటే: "ఇది మనదే." ఫలాఫెల్ మన వడ. కిమ్చి మన పచ్చడి, కాకుంటే నూనె మరిచిపోయిండ్రు. టోలిచౌకి వైపు యెమెన్, సోమాలియా, సూడాన్ల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ల వంటల హోటళ్లూ ఉన్నాయి. సోమాలీలు మాంసం వేసుకున్న అన్నంలోనే అరటిపండు కలుపుకొని తింటారు. తోడు వెళ్లిన మేనల్లుడు అది చూసి మొహం పెడితే, "మీ తాత పెరుగన్నంల అరటిపండు పిసుక్కోలేదారా? మనదే, తిను" అని గదమాయించాడు.

అన్నీ మనవే అయితే బస్సులో మూడు గంటలు పోవడం దేనికని అక్క అడిగింది. ఆ ప్రశ్న ఇంకా పెండింగులో ఉంది.

2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం సామ్‌యాంగ్ కంపెనీ కొరియన్ నూడుల్స్‌లో మూడు రకాల్ని కారం మరీ మితిమీరిందని దుకాణాల నుంచి వెనక్కి పంపించేసింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు బావ కాలేజీలో పాఠం చెప్పలేదు. "కారానికి సర్కారు భయపడుడేంది?" వరంగల్ పరువు తన భుజాల మీదే ఉన్నట్టు ఆ శనివారమే నగరానికి పోయి, ఇంపోర్టెడ్ సామాన్ల షాపులో వెతికి ప్యాకెట్లు తెచ్చాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూస్తుండగా తిన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, చెవుల దాకా చెమట పట్టింది. తీర్పు: "కారం సరే, గింత తీపేంది?" మరుసటి నెలలో డెన్మార్క్ రెండు రకాల్ని మళ్లీ అమ్ముకోనిచ్చింది. అందులో తన పాత్ర కొంత ఉందని ఆయన నమ్మకం.

ఇక పాప్రికా. హంగరీ పేరున్న చిన్న డబ్బా. దాని ధరకు ఇక్కడ నెలకు సరిపడా కారం వస్తుంది. ఆయన మామ, అంటే అక్క తండ్రి, మిర్చి రైతు. చపాట వేస్తాడు. లావుగా, గుండ్రంగా ఉంటుందని దాన్ని టమాట మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు మాత్రం చూపు తిప్పుకోనివ్వదు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎనుమాముల మార్కెట్లో దాని బస్తాలు ఎన్నిసార్లు దించాడో ఆ పెద్దమనిషికే తెలియదు. ఆయన డబ్బా మూత తీసి, చిటికెడు అరచేతిలో వేసుకుని, వాసన చూసి, నాలుక్కి తగిలించి అన్నాడు: "ఇది మన చపాట లెక్కనే ఉన్నది గదా అల్లుడా!"

లోకంలో ప్రతిదాన్నీ మనదే అనే మనిషి, ఆ ఒక్కసారి మాత్రం "కాదు మామా, ఇది వేరే" అన్నాడు. అక్కడా ఇక్కడా మిరప మొక్క అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. మామకు అంత చరిత్ర అవసరం లేదు. డబ్బా మీది ధర చూసి, మూత పెట్టి, మజ్జిగ అడిగాడు.

ఖర్చు మాట ఎత్తితే బావ కాకతీయుల్ని రంగంలోకి దించుతాడు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును ఇకపై లాక్కోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని పరదేశి వర్తకులకు అందులో మాటిచ్చాడు. కర్పూరానికి ఇంత, పన్నీరుకు ఇంత, దంతానికి ఇంత అని లెక్కలు కూడా చెక్కించాడు. "ఓరుగల్లు రాజే బయటి సామాన్ తెప్పించుకున్నడు, నేనెంత?" అక్క ఫ్రిజ్ తలుపు తెరిచి సగం సగం వాడిన సీసాలు చూపించింది: ఫిష్ సాస్, మిసో, ఆలివ్ కాయలు, పేరు చదవలేని ఇంకేదో. "రాజు ఎక్స్‌పైరీ డేటు చూసి కొన్నడో లేదో గని, నువ్వైతే చూస్తలేవు."

ఇంత కోపంలోనూ ఒకటి ఒప్పుకోవాలి. పరీక్షలకో ఇంటర్వ్యూలకో హైదరాబాద్ పోయిన చుట్టాల పిల్లల్ని ఆయన ఒక్కరినీ ఖాళీ కడుపుతో పంపలేదు. హోటల్లో వడ్డించే కుర్రాడిని ఏ ఊరు, అమ్మానాన్నా ఎట్లున్నరు, ఫోన్ చేస్తున్నవా అని వచ్చీరాని హిందీలో అడుగుతాడు. సంక్రాంతికి టోలిచౌకిలో ఒక యెమెనీ పిల్లాడికి డబ్బా నిండా సకినాలు పట్టుకుపోయాడు. ఆ పిల్లాడు ఒకటి కొరికి, సంబరంగా, నువ్వులద్దిన ఇలాంటి కడియాలు మా అమ్మ కూడా చేస్తుంది, ఇవి మావే అన్నాడు.

బావ రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. "సకినం వాళ్లదెట్లయితది?"

ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కినప్పుడు, ఒళ్లో సంచి పెట్టుకుని, దాని అంచు నుంచి తెలియని లిపిలో అచ్చేసిన సీసా మూత కనబడేలా కూర్చున్న మనిషి పక్కన సీటు దొరికిందనుకోండి, ఏం కొన్నారని మాత్రం అడగకండి. అడిగితే బీబీనగర్ దగ్గర మొదలైన జవాబు జనగామ దాటినా అవ్వదు.